ఇద్దరూ పచ్చదీపం కంటే ముందే కదిలినప్పుడు ఓటమి ఒక్కరికేనా?

ప్రశ్న: శివారుభూమి (నరసాపురం దగ్గర)

సభ్యులందరికీ నమస్కారం. నేను పదవీ విరమణ చేసి ఊళ్లో కొబ్బరితోట చూసుకుంటున్న మనిషిని. కార్ల పందేల గురించి నాకు తెలిసినదంతా మొన్న వేసవిలో అమెరికాలో మా అబ్బాయి ఇంట గడిపిన మూడు నెలల్లో తెలుసుకున్నదే. అబ్బాయి శనివారాలు తన పాత కారు తీసుకుని దగ్గరలో ఉన్న డ్రాగ్ స్ట్రిప్‌కు వెళ్తాడు. అక్కడ జరిగేది బ్రాకెట్ రేసింగ్.

తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. పావు మైలు, అంటే సుమారు 402 మీటర్ల తిన్నని దారిలో ఇద్దరిద్దరు చొప్పున పోటీ పడతారు. తన కారు ఆ దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుందో ప్రతి డ్రైవరూ ముందే ప్రకటించి ఆ అంకెను కారు అద్దం మీద రాసుకుంటాడు. దాన్ని డయల్ ఇన్ అంటారు. రెండు కార్ల డయల్ ఇన్‌లకు మధ్య ఎంత తేడా ఉంటుందో నెమ్మది కారుకు పచ్చదీపం అంత ముందుగా వెలుగుతుంది. మన బడి పరుగు పందేల్లో చిన్నపిల్లవాణ్ని పది అడుగులు ముందు నిలబెట్టడం లాంటిదే ఇదీను, కాకపోతే అడుగులకు బదులు సెకన్లలో లెక్క. కావాలని ఎక్కువ సమయం రాసుకుని మోసం చేయకుండా, ప్రకటించినదానికంటే వేగంగా గీత దాటితే బ్రేకౌట్ అని ఓడిస్తారు. పచ్చదీపం వెలగకముందే కదిలితే ఎర్రదీపం వెలుగుతుంది. అది బయలుదేరే గీత దగ్గర జరిగే ఫౌల్.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక శనివారం మా వాడి డయల్ ఇన్ 15.20, అవతలి కారుది 11.70. కాబట్టి మా వాడికి 3.50 సెకన్ల ముందు పచ్చదీపం రావాలి. వాడు 0.004 సెకను ముందు కదిలాడు, ఎర్రదీపం వెలిగింది. అంతవరకు నాకు ఫిర్యాదు లేదు. అయితే పందెం ముగిశాక చేతికిచ్చిన టైమ్ స్లిప్‌లో రెండు కార్ల వివరాలూ ఉన్నాయి. అవతలి డ్రైవరు కూడా తన పచ్చదీపానికి 0.031 సెకను ముందే కదిలినట్టు అందులో స్పష్టంగా ఉంది. అంటే ఆయన తప్పు మా వాడి తప్పుకు ఏడు రెట్లకు పైగా పెద్దది. అయినా గెలుపు ఆయనదే, ఎందుకంటే మా వాడు ముందు తప్పు చేశాడట. ముందు తప్పు చేయక ఏం చేస్తాడు? వాణ్ని మూడున్నర సెకన్లు ముందు వదిలింది నిర్వాహకులే కదా!

నన్ను ఎక్కువగా తొలిచేది మరొకటి. ముగింపు గీత దగ్గర ఇద్దరూ బ్రేకౌట్ అయితే ఎవరు ముందు గీత దాటారని చూడరు. ఎవరు తక్కువ తేడాతో హద్దు మీరారో వారిని గెలిపిస్తారు. ముగింపులో తప్పు పరిమాణాన్ని తూచే ఆట, మొదట్లో మాత్రం తప్పు చేసిన వరసను చూడటంలో ఏ న్యాయముందో తెలిసినవారు చెప్పగలరని మనవి. మా వాడిని అడిగితే "రూలు అంతే నాన్నా" అన్నాడు.

జవాబు 1: రెండోగేరు (రావులపాలెం)

శివారుభూమి గారికి నమస్కారం. నేను కార్ల మరమ్మతు షెడ్డు నడుపుతాను, కొన్నేళ్లు అమెరికాలో మా బంధువుల వర్క్‌షాపులో పనిచేసి ఇటువంటి స్ట్రిప్‌ల మీద కాస్త తిరిగినవాణ్ని. మీరు లేవనెత్తిన ప్రశ్న అక్కడి డ్రైవర్ల మధ్య చాలాకాలంగా నలుగుతున్నదే.

ఈ నిబంధన ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే దాని బలం, బలహీనత రెండూ కనిపిస్తాయి. వాలీ పార్క్స్ 1951లో అమెరికాలో డ్రాగ్ పందేలు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థను స్థాపించిన తొలి రోజుల్లో కార్ల మధ్య నిలబడిన మనిషి జెండా ఊపితే పందెం మొదలయ్యేది. 1963లో క్రిస్మస్ ట్రీ అని పిలిచే దీపాల స్తంభం వచ్చింది. ముందు చక్రం గీత దగ్గరి కాంతికిరణాన్ని అడ్డుకుని నిలుస్తుంది; ఆ కిరణం మీదినుంచి చక్రం తొలగిన క్షణమే కారు బయలుదేరిన క్షణం. ఇద్దరికీ ఒకేసారి పచ్చదీపం ఇచ్చే పందేల్లో "ముందు కదిలినవాడు ఓడినట్టు" అన్న సూత్రానికి వంక పెట్టలేము, ఎందుకంటే అక్కడ ముందు కదిలినవాడే ఎక్కువ ముందు కదిలినవాడు కూడా. వరస, పరిమాణం రెండూ అక్కడ ఒకటే. హ్యాండిక్యాప్, అంటే నెమ్మది కారును కొన్ని సెకన్లు ముందు వదిలే వెసులుబాటు, ఇచ్చినప్పుడు మాత్రం ఆ రెండూ విడిపోతాయి. నిబంధన పాతదే ఉండిపోయింది, ఆట మారిపోయింది. నా ఉద్దేశంలో మీ అబ్బాయికి జరిగిన అన్యాయపు మూలం అదే.

ఇంకొక మాట. ఆ నిబంధనను అక్కడివారు "మొదటిది లేదా ఘోరమైనది" అనే అర్థం వచ్చేలా పిలుస్తారు. మీ అబ్బాయికి ఎర్రదీపం వెలిగాక అవతలి కారు మధ్య గీత దాటి ఇటువైపు దారిలోకి వచ్చి ఉంటే, ఆయనే ఓడిపోయేవాడు. మధ్య గీత దాటడం ఎర్రదీపం కంటే ఘోరమైన తప్పు. అంటే తప్పుల తీవ్రతను పోల్చడం ఆ నిబంధనల పుస్తకానికి కొత్త కాదు. వేర్వేరు రకాల తప్పులను పోల్చగలిగినవారు ఒకే రకం తప్పులో చిన్నదాన్ని, పెద్దదాన్ని పోల్చకపోవడమే విడ్డూరం.

ట్రూ స్టార్ట్ అనే పద్ధతి ఈ లోపాన్ని సరిచేయడానికే వచ్చింది. అందులో మొదటి కారు తొందరపడినా ఎర్రదీపాన్ని వెంటనే వెలిగించకుండా యంత్రం ఆగుతుంది. రెండో కారు కూడా బయలుదేరాక రెండు అంకెలనూ పోల్చి, ఎవరు ఎక్కువ ముందు కదిలారో వారికి ఎర్రదీపం ఇస్తుంది. మీ అబ్బాయి వెళ్లే స్ట్రిప్‌లో అది ఉండి ఉంటే 0.004 మీద 0.031 ఓడేది.

జవాబు 2: లెక్కలమాస్టారు (తణుకు)

అందరికీ నమస్కారం. అన్యాయం ఉందని ఇద్దరూ అన్నారు. అది ఎంతో కొలిచి చూద్దామని నా ప్రయత్నం. ఇద్దరు డ్రైవర్లూ సమాన నిపుణులనీ, ఒక్కొక్కరికి నూటికి పదిసార్లు ఎర్రదీపం వెలుగుతుందనీ, ఒకరి తప్పుకు మరొకరి తప్పుతో సంబంధం లేదనీ అనుకుందాం. ఈ పది అన్నది నేను ఊహకు తీసుకున్న అంకె మాత్రమే.

పాత నిబంధన ప్రకారం ముందు వెళ్లేవాడు నూటికి పదిసార్లు ఫౌల్ వల్ల ఓడతాడు. రెండోవాడు ఫౌల్ వల్ల ఓడాలంటే మొదటివాడు తప్పు చేయకుండా ఉండాలి, కాబట్టి తొంభైలో పదో వంతు, అంటే తొమ్మిదిసార్లు. ఇద్దరూ తప్పు చేసేది నూటికి ఒక్కసారి. ఆ ఒక్కసారి భారమంతా నెమ్మది కారు మీదే పడుతుంది. పోల్చి చూసే పద్ధతిలో అది చెరిసగం అయి ఇద్దరికీ తొమ్మిదిన్నర వస్తుంది. ఇంత చిన్న తేడాకు ఇంత గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు.

కానీ ఎర్రదీపాలు పెరిగేకొద్దీ ఈ తేడా వేగంగా పెరుగుతుంది, ఎందుకంటే ఇద్దరూ కలిసి తప్పు చేసే అవకాశం వర్గంగా పెరుగుతుంది. నూటికి ఇరవై అనుకుంటే మొదటివాడికి ఇరవై, రెండోవాడికి పదహారు. 64 కార్ల పోటీలో కప్పు గెలవాలంటే ఆరు రౌండ్లు దాటాలి. అన్నిటికంటే నెమ్మది కారు ప్రతి రౌండులోనూ ముందే బయలుదేరాలి, అన్నిటికంటే వేగమైన కారు ప్రతిసారీ వెనుకే. ఫౌల్ వల్ల ఓడకుండా ఆరు రౌండ్లూ దాటే అవకాశం నెమ్మది కారుకు నూటికి 26, వేగమైన కారుకు 35. పోల్చే పద్ధతిలో ఇద్దరికీ 30. ఒక్క పందెంలో కనిపించీ కనిపించని తేడా కప్పు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది పాళ్లయింది. హ్యాండిక్యాప్ ఉద్దేశమే నెమ్మది కారునూ వేగమైన కారునూ సమానం చేయడం కదా. ఒక చేత్తో ఇచ్చిన సెకన్లను మరో చేత్తో కొంత వెనక్కి తీసుకున్నట్టుంది.

జవాబు 3: పుంతరోడ్డు (అమలాపురం)

పెద్దలు మన్నించాలి, నేను కొంత అడ్డం తిరుగుతాను. మాస్టారి లెక్క తప్పని అనను గానీ, అది ఎర్రదీపం దగ్గరే మొదలై ఎర్రదీపం దగ్గరే ముగిసింది.

మొదటిది, నెమ్మది కారు తప్పు చేయకపోతే రెండో కారుకు ఏ మినహాయింపూ లేదు. అప్పుడు దానికీ వెంట్రుకవాసి తొందరపాటుకే ఓటమి. పాత నిబంధన ఇచ్చే లాభం, మొదటివాడు ఇదివరకే ఓడిపోయిన సందర్భంలో మాత్రమే. రెండోది, వెనుక బయలుదేరేవాడి కష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పక్క కారు గర్జిస్తూ వెళ్లిపోయాక మూడున్నర సెకన్లు ఇంజిన్ బిగబట్టి కూర్చుని, ఆ దీపాలను కాకుండా తన దీపాలనే చూస్తూ, కాలు జారకుండా ఉండటం తేలిక కాదు. ఆ తర్వాత ఆయన ముందున్న కారును తరిమి పట్టుకోవాలి, పట్టుకునే చోట బ్రేకౌట్ కాకుండా ఎంత వదలాలో అంతటి వేగంలో లెక్క వేసుకోవాలి. అవతలి కారు తన కళ్ల ముందే ఉండటం ఆయనకు లాభమే, అది ఒప్పుకుంటాను.

మూడోది, నేను గట్టిగా నమ్మేది. వాలీబాల్‌లో సర్వీసు బయటపడ్డాక అవతలి జట్టువాడు నెట్టును తాకితే ఎవరైనా ఆ పాయింటును వెనక్కి తీసుకుంటారా? ఆట అక్కడితో అయిపోయింది. అలాగే మొదటి ఎర్రదీపంతో పందెం ముగిసింది. ఆ తర్వాత రెండో కారు చేసేది ఒంటరి పరుగు. బ్రాకెట్ రేసింగ్‌లో జత కుదరక ఒంటరిగా పరుగెత్తే బై రన్‌లో ఎర్రదీపం వెలిగినా ఓటమి కాదు. ఇక్కడ కూడా అదే తర్కం. పైగా మొదటి కారు ఓడిందని వెంటనే తెలిస్తే రెండోవాడు ఊరికే ప్రాణం మీదికి తెచ్చుకునే వేగంతో వెళ్లనక్కరలేదు. ట్రూ స్టార్ట్‌లో ఆ సమాచారాన్ని దాచిపెడతారు కాబట్టి, అప్పటికే ఓడిపోవలసిన కారును తరుముతూ ఇంకొకరు గంటకు వంద మైళ్లు దాటి పోవలసి వస్తుంది. అందరికీ ముందే తెలిసిన నిబంధన అందరికీ ఒకేలా అమలవుతున్నప్పుడు, అది అన్యాయమన్న మాట నాకు పూర్తిగా రుచించడం లేదు.

జవాబు 4: రెండోగేరు (రావులపాలెం)

పుంతరోడ్డు గారు వాలీబాల్ తెచ్చారు కాబట్టి అక్కడే నిలబడి జవాబిస్తాను. వాలీబాల్‌లో సర్వీసు చేతులు మారుతుంది. మన ఊరి రచ్చబండ దగ్గర ఆడేవారైనా, ఆట మొదటినుంచి చివరిదాకా ఒకే జట్టు సర్వీసు చేయాలనే నిబంధన పెడితే ఒప్పుకోరు. ఇక్కడ నెమ్మది కారు ప్రతిసారీ సర్వీసు చేస్తోంది. బై రన్ పోలిక కూడా నాకు సరిపడలేదు. బై రన్‌లో అవతల ఎవరూ లేరు కాబట్టి తప్పు వల్ల నష్టపోయేవారు లేరు; ఇక్కడ అవతల ఒక మనిషి ఉన్నాడు, ఆయన ఓటమి ఖాయమయింది కూడా ఈ తప్పును చూడనందువల్లే.

దాళ్వాలో వంతులవారీగా నీళ్లిచ్చే రోజులు మనందరికీ తెలిసినవే. ఎగువ రైతు తన వంతుకు అయిదు నిమిషాల ముందు తూము ఎత్తాడు, దిగువ రైతు తన వంతుకు గంట ముందు ఎత్తాడు అనుకోండి. ఎగువవాడి వంతు ముందు వచ్చింది కాబట్టి తప్పు కూడా అతనే ముందు చేశాడని, లస్కరు అతనికి మాత్రమే జరిమానా వేసి రెండోవాణ్ని వదిలేస్తే ఊరు ఊరుకుంటుందా?

భద్రత గురించి మీరన్నది మాత్రం తీసిపారేయలేను. అది ట్రూ స్టార్ట్ మోయవలసిన ఖర్చే.

మరొక సూక్ష్మం ఉంది, మాస్టారు చూడాలి. ఇద్దరికీ ఎర్రదీపం అవకాశం సమానమన్నారు గానీ, కారును బట్టి అది మారుతుంది. హ్యాండిక్యాప్ పందేల్లో పసుపు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి అర సెకను ఎడంతో వెలుగుతాయి, చివరి పసుపు తర్వాత అర సెకనుకు పచ్చ. చివరి పసుపు చూసి కాలు వదిలితే, మనిషి స్పందించే సమయం, కారు కదిలి చక్రం కిరణం దాటే సమయం కలిసి దాదాపు అర సెకనుకు రావాలి. నెమ్మది కారు కదలడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి, దాని డ్రైవరు పసుపును చూసి కాకుండా కొంచెం ముందుగా ఊహించి వదలవలసి వస్తుంది. అసలే చురుకైన కారుకు పసుపు చూసి వదిలినా ఎర్రదీపం పడే ప్రమాదం ఉంది. ఎవరి ప్రమాదం ఎంతన్నది కారు, టైరు, గీత దగ్గర కారును ఎంత ముందుకు జరిపి నిలబెట్టారు అన్నవాటి మీద ఆధారపడుతుంది.

జవాబు 5: గీతదగ్గర (రాజోలు)

నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. కార్ల సంగతి నాకు తెలియదు గానీ, బయలుదేరే గీత దగ్గర తప్పుల సంగతి నా రోజువారీ పని. పరుగు పందేల్లో 2003 నుంచి 2009 వరకు ఒక వింత నిబంధన ఉండేది. మొదటి తొందరపాటుకు ఎవరినీ తీసేయరు, హెచ్చరిస్తారు. రెండోసారి తొందరపడ్డవాడు, మొదటి తప్పు అతనిది కాకపోయినా, బయటికి వెళ్లాలి. ఒకరి తప్పు భారం ఇంకొకరు మోసేవారు. 2010 నుంచి ఎవరు తొందరపడితే వారే, మొదటిసారికే బయటికి. 2011లో దేగులో ప్రపంచ పోటీల 100 మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ అలాగే వెళ్లాడు. అక్కడ ఇద్దరు తొందరపడితే ఇద్దరూ వెళ్లిపోవచ్చు, ఎందుకంటే పరుగెత్తడానికి ఇంకా ఆరుగురుంటారు. ఇద్దరే ఉన్న పందెంలో ఎవరో ఒకరు గెలవాలి కాబట్టి మీ చిక్కు వచ్చింది.

తుపాకీ మోగాక 0.100 సెకనులోపు కదిలితే మా దగ్గర తప్పే, మనిషి అంత త్వరగా విని స్పందించలేడని. 2022లో డెవన్ ఆలెన్ 110 మీటర్ల హర్డిల్స్‌లో 0.099కి బయటికి వెళ్లాడు. మీ దగ్గర పసుపు దీపాల లయను పట్టుకుని ఊహించడమే నైపుణ్యం, 0.000 అంటే పరిపూర్ణం. ఊహించడాన్ని ఆహ్వానించే ఆటలో, ఆ ఊహ 0.004 తప్పినవాణ్నీ 0.031 తప్పినవాణ్నీ ఒకే గాటన కట్టకూడదని నాకు తోస్తుంది.

జవాబు 6: లెక్కలమాస్టారు (తణుకు)

రెండోగేరు గారి సవరణ సబబే. ఇద్దరి ప్రమాదాలు వేర్వేరు అయినప్పుడు నా 26, 35 అంకెలు మారతాయి. కానీ ఒకటి మారదు: ఇద్దరూ తప్పు చేసిన ప్రతిసారీ భారం ముందు వెళ్లినవాడిదే. ఆ పందేలు ఎన్ని ఉన్నా, వాటిని కారు వేగం తేల్చకూడదు, డ్రైవరు కాలు తేల్చాలి.

మళ్లీ: శివారుభూమి (నరసాపురం దగ్గర)

అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులన్నీ మా అబ్బాయికి ఫోనులో చదివి వినిపించాను. వాళ్ల స్ట్రిప్‌లో ఇప్పటికీ పాత పద్ధతేనట. పుంతరోడ్డు గారు చెప్పిన భద్రత మాట సరైనదేననీ, కానీ ఎర్రదీపం వెలిగిన కారును కూడా అక్కడివారు చివరిదాకా పూర్తి వేగంతోనే నడుపుతారనీ, ఆ పరుగు సమయం తర్వాతి వారానికి పనికి వస్తుందనీ అన్నాడు.

ఇప్పుడు నాకు ఇంటి దగ్గరే ఒక ప్రశ్న వచ్చిపడింది. సంక్రాంతికి మా కాలువగట్టు మీద పిల్లలకు సైకిల్ పందేలు పెడుతున్నాం. మా వైపు ఎడ్ల పందేల్లో ఒక్కో జతను విడిగా పరుగెత్తించి గడియారం పడతారు కాబట్టి ఈ గొడవే ఉండదు. పిల్లలకు మాత్రం ఇద్దరిద్దరు పోటీ పడితేనే సరదా. ముందురోజు ఒక్కొక్కరి సమయం చూసి, చిన్నవాళ్లను ఆ తేడా మేరకు ముందు వదలాలని అనుకుంటున్నాం. జెండాలతో ఇద్దరు మనుషులం ఉంటాం. ముందు పిల్లవాడు తొందరపడితే వెంటనే ఆపాలా, రెండోవాడు వెళ్లేదాకా నోరు మూసుకుని ఉండాలా?

జవాబు 7: గీతదగ్గర (రాజోలు)

రెండోవాడు వెళ్లేదాకా ఏమీ అనకండి. జెండాలూ, రెండు ముందు చక్రాలూ, గీతా ఒకే చిత్రంలో పడేలా గట్టు పక్కన ఫోను నిలబెట్టి, సెకనుకు 240 చిత్రాలు తీసే స్లో మోషన్‌లో వీడియో తీయండి. ఒక్కో చిత్రానికి సుమారు 0.004 సెకను. మీ అబ్బాయి చేసిన తప్పు సరిగ్గా అంతే కాబట్టి, అటువంటిది ఫోనుకు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఇద్దరి తప్పుల మధ్య తేడా రెండు చిత్రాలకు మించకపోతే మళ్లీ పరుగెత్తించండి. పిల్లలు ఎలాగూ ఇంకోసారి తొక్కడానికి సిద్ధంగానే ఉంటారు. జెండా మాత్రం పెద్దవాళ్లకే ఇవ్వండి, పోయిన ఏడాది మా బడిలో పిల్లవాడికిస్తే వాడు తన తమ్ముడికి ముందే ఊపేశాడు.